పాత టంకం

మనామాల, బట్టల బజారు ఎన్క సందుల
నా రిపేరు దుకాణం.
నిన్న మాపటికి జవాద్ అనే పిలగాడు
చంకల పసిపిల్లను ఎత్తుకున్నట్టు
ఒక సింథసైజర్ పట్టుకొచ్చిండు.
మూతబడ్డ హోటల్ అటక మీద దొరికిందట.
"చాచా, పానం పోస్తవా?" అన్నడు వచ్చీరాని హిందీల.

నాలుగు మరలు ఇప్పి మూత లేపితే
ఇసుక.
పిండి జల్లెడ పట్టినంత సన్నటి ఇసుక.
ఊదిన.
మూడో పలక మీద ఒక టంకం చుక్క,
నడుమ జెర ఉబ్బి, ఎడమకు తోక.
ఎడమచేతివాటపోడు పెట్టిన టంకం.
ఈ ఊర్లె అప్పుడు గా తోక నాదొక్కనిదే.

ఎనభై ఆరు.
వారమంత అల్యూమినియం కార్ఖానల హెల్పర్ని,
సెలవునాడు హోటల్ బార్ల వైర్లు చుట్టేటోన్ని.
బ్రెండన్ అని బక్కపల్చని తెల్లోడు,
కండ్లకు కాటిక,
గీ పెట్టె ముందు గుంజ లెక్క నిలబడి
ఒక్క వేలుతోటి వాయించేటోడు.
ఎన్కకెల్లి టేపుల
ఇనుము మీద ఇనుము పడ్డ సప్పుడు,
గొలుసులు ఈడ్చిన సప్పుడు.
"గిది రేపటి సంగీతం" అనేటోడు.
పోశెట్టి నా చెవుల గొణిగిండు:
"ఈ సప్పుడుకు ఈళ్లు పైసలు కట్టి ఇంటున్రు,
మనకు పైసలిచ్చి ఇనిపిస్తున్రు.
తెలివి ఎవనిదంటవ్?"

నాకైతె అది రేపటిది అనిపియ్యలే.
సిరిసిల్లల సాంచెల షెడ్డు గోడకు ఆనుకొని
మా అమ్మ నన్ను కన్నది.
నలభై సాంచెలు నడుస్తుంటె నిద్రపోయి
కరెంటు పోతె లేసి ఏడ్చేటోన్నట.
బార్ల గ్లాసులు కడిగే మూలకు నిలబడి
టక్ టకా టక్ ఇంటుంటె
కండ్లు మూతలు పడేటివి.

ఒకనాడు బ్రెండన్ బతిమాలిండు.
టిఫిన్ గిన్నెల కింద అరల టేప్‌రికార్డరు,
మీది అరల పప్పు.
గేటు దాటిచ్చిన.
లోహం కాగే షెడ్డుల ఒక రాత్రి షిఫ్టు మొత్తం
గిన్నె మూత సగం తెరిసి పెట్టిన.

గా క్యాసెట్టు గీ పెట్టె సంచిలనే ఉన్నది.
రాత్రి షెటర్ దించి పెట్టిన,
పాటలు ఒకదిక్కు, షెడ్డు ఒకదిక్కు.

నిజం చెప్పాలె.
రేపటిదని రొమ్ము విరుసుకున్న సప్పుడే ముసలిదైంది.
గా గంటలు ఇప్పుడు లిఫ్టు ఆగినట్టున్నయ్.
బటన్ నొక్కితే మోగే చప్పట్లు
రేకుడబ్బల గులకరాళ్లు.
భయపెట్టాలని పెట్టిన మూలుగు
నా ఫ్రిజ్జు గూడ చేస్తది, దినాం, ఉచితంగ.
నవ్వొచ్చింది.

అయితె ఒక్కకాడ
బ్రెండన్ వేలు జెర ఆలస్యమైతది,
ఎండకు సురుతి కిందికి జారుతది,
పట్టుకుందామని వాడు ఉరుకుతడు.
గా రెండు మూడు గడియలు
నిన్న వాయించినట్టే ఉన్నయ్.

రెండో దిక్కు తిప్పిన.
షెడ్డు.
క్రేను ముక్కుతున్నది. సైరన్.
తర్వాత మస్తు సేపటికి
పోశెట్టి గొంతు, పక్కనే నిలబడ్డట్టు:
"మంచినీళ్లు ఎవడు తాగిండ్రా నాయి?"

గా షెడ్డు కూలగొట్టి ఏండ్లయింది.
సిరిసిల్లల మా గోడ పక్క సాంచెలను
పాత ఇనుము కింద తూకమేసిండ్రు.

పొద్దుగాల వీడియో కాల్ చేసిన.
కోరుట్లల పోశెట్టి మంచం మీద కూసున్నడు.
గా షెడ్డే తిన్నది వాని చెవులు,
పదేండ్లాయె, ఉరుము గూడ ఇనబడది.
ఫోను మీటరు ముందట పట్టిన.
సూది లేసింది, పడ్డది, వణికింది.
వాడు కండ్లు చిన్నగ చేసి చూసిండు.
"పాట్‌రూమా?" అన్నడు గట్టిగ,
వాడికి తెల్వకుండనే అరుసుకుంట.
తల ఊపిన.
"ఆపకు" అన్నడు.

జవాద్ వచ్చిండు మధ్యాహ్నం.
సురుతి జారుడు బాగుచేసేదా అనడిగితె
"వద్దు వద్దు, గదే కావాలె నాకు" అన్నడు.
టంకం ఇనుము పట్టుకున్న నా చేయిని చూసిన.
అదీ జారుతున్నది ఈ నడుమ.
ఊడిన తీగ రెండు, కొత్త ఫ్యూజు ఒకటి.
నాలుగు దినార్లని రాసిన.
మూడో పలకను ముట్టలే.