అచ్చుకు రాని చెయ్యి

(గ్రావిస్కా రేవు, ఎట్రూరియా)

మా అంగట్లో పాదం చవక, గర్భసంచి ప్రియం.
చెవులు జతగానే అమ్ముతాం.
వాటిని చెవిటివాళ్లు కొనరు,
తమ మొర ఊని తల్లికి చేరలేదని
అనుమానమున్నవాళ్లు కొంటారు.

అచ్చులన్నీ మా అత్త హస్తియా చేసినవి.
ముప్పై ఏళ్లుగా రేవంతటికీ ఒకటే మడమ,
ఒకటే మోకాలు.
వాతం పట్టిన పడవవాడికీ
ఉలి దిగిన వడ్రంగికీ
ఆమె ఎడమ మడమే.
నొప్పి ఎవరిదో
గుళ్లో ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి.

ద్రాక్ష కోతలయిన వారం
రాతిగని వైపు నుంచి రవున్‌థు వచ్చింది.
కుడిచెయ్యి కావాలంది.
అచ్చులో మట్టి నొక్కి, తీసి చూపించాను.
"ఇది కాదు. మా సేథ్రె చెయ్యి."

బండ కింద పోయిందట, మణికట్టు దాకా.
పోయిన చెయ్యి మొలుస్తుందా అక్కా
అనబోయి నాలుక కరుచుకున్నాను,
సగం జాలితో, సగం బేరం పోతుందని.
ఆమే అంది:
"తిరిగిమ్మని కాదు.
ఎలా ఉండేదో
ఆవిడ దగ్గరన్నా ఉండాలి కదా."

అచ్చు పక్కన పెట్టి
ముద్ద చేతిలోకి తీసుకున్నాను.
చిటికెనవేలు లోపలికి వంగేది, అంది.
వంచాను.
ఇంకాస్త.
గోళ్లు కొరికేవాడు.
పుల్లతో అంచులు చిదిపాను.
బొటనవేలి కింద తేనెటీగ కుట్టిన మచ్చ,
ఇక్కడ... కాదు, ఇటు... ఉండు,
అని ఆగిపోయింది.

తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది,
అందులో ఎక్కడో పెట్టి మరిచినట్టు.

బయట సేథ్రె
ఎడంచేత్తో గాడిదకు ముకుతాడు బిగిస్తున్నాడు,
మిగతా పని పళ్లతో.
వాణ్ణే పిలిచి అడుగుదామా అన్నాను.
వద్దని తలూపింది.
మచ్చ పెట్టలేదు. ఆ చోటు నున్నగా వదిలేశాను.

కంచు ముక్క సగమిచ్చింది,
మిగతాకి నూనె పోస్తానంది. ఇంకా పోయలేదు.

గుడి గోడలు నిండితే
పూజారులు గొయ్యి తవ్వి అన్నీ పాతేస్తారు.
తల్లికిచ్చింది పారెయ్యకూడదు మరి.
మా అత్త మడమల కుప్పలో
ఎవరికీ సరిపోని చెయ్యి ఒకటి ఉంటుంది.
లోపలి డొల్లలో
నా బొటనవేలి ముద్ర పడింది,
తడిగా ఉన్నప్పుడు తుడవాల్సింది.

అది సేథ్రెదే అనుకుంటుందేమో ఆ తల్లి.
కొలిమి ఆర్పాక గుర్తొచ్చింది నాకు.