సున్నా సార్లు

తుర్కు రేవుకి రెండు వీధుల ఇవతల నా రిపేరు కొట్టు.
ఓడలో వంటచేసే తాపాని
పాత కంప్యూటర్‌ని చేపల డబ్బాలో పెట్టి మోసుకొచ్చాడు.
మూత విరిగింది. ఫ్యాను ఉబ్బసం మనిషిలా ఈలేస్తోంది.
"పాటలు చాలు, మిగతాది పారేయ్" అన్నాడు.

పదకొండు వందల నలభై ఆరు పాటలు.
ఒక్కోదానికీ తొంభై తొమ్మిది సెంట్లు పోసి కొన్నవి,
ఎక్కువగా టాంగోలు,
జీతమొచ్చిన రాత్రుల తారీఖులతో.
తీగ కలిపితే గంట పని అనుకున్నాను.

కొత్తది మొరాయించింది:
ఇవి కొన్నది మార్యాత్తా. పాస్‌వర్డ్ చెప్పండి.

అతను కిటికీ వైపు తిరిగాడు.
బయట మంచూ వానా తేల్చుకోలేని జల్లు.
"సొమ్ము నాదే. పేరే ఆమెది."
ఫోన్ తీసి, నంబరు వెతక్కుండానే నొక్కాడు.

"నేను."
"ఊఁ."
"పాటల తాళం కావాలి."
అవతల కుళాయి కట్టేసిన చప్పుడు.
"కుక్క పేరు. పక్కనే అది పోయిన ఏడు."
"మార్చలేదా?"
"నేనూ వింటున్నాగా."

పాటలు కదిలాయి,
ఓడ దిగే ముసలివాళ్ళలా, ఒక్కొక్కటీ మెట్టు చూసుకుంటూ.
అన్నీ చేరాయి.
ఏది ఎన్నిసార్లు విన్నారో ఆ లెక్క మాత్రం రాలేదు.
పాతదాంట్లో ఒక పాటకి ఆరువందల రెండు.
కొత్తదాంట్లో అన్నిటికీ సున్నా.

నొచ్చుకుంటూ ఏదో చెప్పబోయాను.
అతను ఆ సున్నాల వరుసని కిందిదాకా చూసి
చిల్లరతో సహా లెక్కపెట్టి బల్లమీద పెట్టాడు.

చేపల డబ్బా మరిచిపోయాడు.
ఇంకా ఇక్కడే ఉంది, ముసురు పట్టిన రోజున వాసనేస్తుంది.