టికెట్ కొని ఇంట్లోకి

ఏడు పొరలు గీకాను.
పైన బూడిదరంగు, దాని కింద ఆకుపచ్చ,
ఆకుపచ్చ కింద ఎవరో తొందరలో పూసిన నీలం,
ఇంకా కింద గుడ్డుసొనలాంటి పసుపు.
అట్టడుగున, దీపం దగ్గరికి లాక్కుని చూస్తే,
ట్రామ్ కంపెనీ వాళ్ళ ముదురెరుపు.
దొరికింది అసలు రంగు, అని అరిచాను.
ఆ సంతోషంలో షెడ్డులో నలుగురం రెండోసారి టీ తాగాం.

నూట పదిహేడో నంబరు.
డనీడిన్‌లో పట్టాలు పెరికేసిన ఏడు
పదిహేను పౌన్లకి అమ్ముడుపోయి
చక్రాలు ఊడదీయించుకుని
లారీ మీద సముద్రపు ఒడ్డుకి పోయింది.
మేం వెళ్ళి తెచ్చేసరికి
కప్పులో పోసమ్ కాపురం, నేల సందుల్లో ఇసుక,
డ్రైవరు నిలబడే చోట పొయ్యి మసి.
తొమ్మిదేళ్ళు పట్టింది.
ఇత్తడి గంట, తోలు పట్టీలు,
అటూ ఇటూ తిప్పుకునే సీటు వీపులు,
కౌరీ చెక్కకి మూడు పూతల వార్నిష్.
గొప్ప కాదు, వచ్చి చూడండి, మొహం కనిపిస్తుంది.

మొన్న ఆదివారం నోలీన్ ప్యాచెట్ వచ్చింది.
డెబ్బై దాటిన మనిషి. చేతిలో టికెట్.
మెట్టు దగ్గర ఆగి కాళ్ళు తుడుచుకుంది.
అక్కడ పట్టాలున్నాయి గాని
కాళ్ళు తుడుచుకునే పట్టా లేదు.

"పసుపు ఏమైంది?" అంది.
ఏ పసుపు అనబోయి ఆగాను.
"అమ్మ పూసింది. తమ్ముడు పుట్టే ముందు.
పొట్ట అడ్డమొస్తే పక్కకి తిరిగి పూసింది."

రెండో కిటికీ పక్క స్తంభం మీద వేలు పెట్టింది.
"ఇక్కడ నాకు ఆరేళ్ళు."
బెత్తెడు పైకి జరిపి, "ఇక్కడ ఎనిమిది.
ఆ పైది రాబీ. నన్ను దాటేశాడని ఏడ్చాను."
వేలి కింద నా వార్నిష్ మెరుస్తోంది.

ఆ పెన్సిలు గీతలు నాకు గుర్తే.
ఎవరో వడ్రంగి కొలతలనుకుని
గరుకు కాగితంతో ఒక్క మధ్యాహ్నంలో తీసేశాను,
రేడియోలో క్రికెట్ వింటూ.

చెప్పాలనే నోరు తెరిచాను.
మా కాలిన్ గంట కొట్టాడు.

హ్యాండిల్ ఒక గడి తిరిగింది.
నేల కింద మోటారు మూలిగింది.
నోలీన్ రెండు చేతులతో సీటు పట్టుకుంది.
పద్నాలుగేళ్ళు ఆమె నిద్రపోయిన ఇల్లు,
గాలివాన రాత్రుల్లో వాళ్ళ నాన్న
తాళ్ళేసి కట్టి కదలకుండా ఆపిన ఇల్లు
నడుస్తోంది.

"పోతోంది," అంది. ఇంకోసారి అంది.
"ఒకప్పుడు పరిగెత్తేదని అమ్మ చెబితే
నవ్వేవాళ్ళం."

మా లైను నాలుగు వందల గజాలే.
చివర కాలిన్ దిగి, తీగ పట్టే కర్రని తిప్పాడు.
సీటు వీపు ఎలా తిప్పాలో చూపిద్దామని లేచాను.
ఆమే తిప్పుకుని, ఇటు మొహం పెట్టి కూర్చుంది.

షెడ్డులో మేకుల డబ్బా అడుగున గోరంత పెచ్చు ఉంది,
రంగు సరిచూసుకోడానికి దాచినది.
అంచు చూస్తే ఏడు పొరలూ కనిపిస్తాయి,
మధ్యలో పసుపు, వెంట్రుకంత.
వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానంది.
పెచ్చు ముందు ఇవ్వాలా, గీతల సంగతి ముందు చెప్పాలా?
డబ్బా మూత తుప్పుకి బిగుసుకుంది.
ఉలి పెట్టి తీయాలి.