మూడో టోప్లి

మైనం పదును చూసేటందుకు మా ఇంట్ల వేరే పరికరం లేదు.
కింది పెదవికి ఆనించుకుంటే చాలు.
అంటుకుంటే గుగ్గిలం ఎక్కువైనట్టు,
పుటుక్కున ఇరిగితే నూనె తక్కువైనట్టు.
మా మామ సోమలింగాచారి నేర్పిండు ఇది,
చెప్పి కాదు,
నేను కలిపిన ముద్దను మాట్లాడకుండ
మళ్ల పొయ్యి మీద పెట్టి.

అమ్రాబాద్ దిక్కు నుంచి ఈదయ్య తెస్తడు మైనం,
మోదుగాకుల చుట్టి.
ఒక్కోసారి అందుల తేనెటీగ రెక్క ఉంటది.
తీసెయ్య. ఎట్లైనా పోయేదే కద.

దేవరకొండల, బస్టాండు వెనక సందుల,
ఫొటో స్టూడియోకు మటన్ కొట్టుకు నడుమ మా కొలిమి.
కేస్లి వచ్చిన నాడు ఆమె కొంగుల ఒక్కటే టోప్లి ఉంది.
రెండోది పల్లికాయ పీకేకాడ జారిపోయిందట.
ఒక్క చెంప దిక్కే చప్పుడైతుంటే
నడుస్తున్నప్పుడు పక్కకు ఒరిగినట్టు ఉందట.
"అచ్చం గిట్లనే చెయ్యి" అన్నది.

అచ్చం అన్న మాటకు నా దగ్గర మందు లేదు.
పోసిన మూసను పగలగొట్టుకుంటనే బతికే ఇల్లు మాది.
అయినా సరేనన్న.
కిరాణం బాకీ ఉండె అప్పుడు.

మైనపు పోగులు పీట మీద అరచేత్తో సాగదీసి
అంచుకు చుట్టిన.
కింద జొన్నగింజలంత గజ్జెలు, ఏడు.
ఏడోదానికి వేలు జారి ఒకపక్క అణిగింది.
సరిచేద్దామనుకునే లోపట కరెంటు పోయింది.
మరిచిన.

మైనం ఎంతో, వెండి దానికి పదకొండింతలు,
పైన ఒక పిసరు.
ఆ పిసరు తొవ్వలనే ఆగిపోతది.
తొవ్వ ఖర్చు అనేటోడు మామ.

పుట్టమన్ను పాత పంచె గుడ్డల జల్లించి
పేడనీళ్లతో మొదటి పూత,
పసిపిల్లకు నలుగు పెట్టినంత పలుచగ.
రెండో పూతల ఊక. మూడో పూత మీద ఇనుపతీగ.
నీడకు మూడు దినాలు.
ఎండకు పెడితే తొందరపడి పగులుతది.

నాలుగోనాడు తుమ్మబొగ్గుల మీద బోర్లించిన.
సన్నగ కారుడు మొదలైంది. సందంత తేనె వాసన.
మటన్ కొట్టు జానీమియా కత్తి ఆపి
"పోయిందా అక్కా?" అని అడిగిండు.
పోయింది అన్న.
ఆ మాట మా పనిల శుభం.

తర్వాత వెండి.
మైనం ఖాళీ చేసిన ప్రతి మూలకు
దారి అడగకుండ పోయింది.

కేస్లి చెవికాడ ఊపి చూసుకున్నది.
"ఏడోది మాట్లాడ్తలేదు."
సిగ్గుపడ్డ. కూలి సగమే తీసుకున్న.

మళ్ల వానలకు చేను దున్నుతుంటే
ట్రాక్టరు కర్రుకు పాతది తగిలిందట.
మూడింటిని తెచ్చి నా పీట మీద పోసింది.
మన్నుల పండుకున్నది నల్లబడి, సొట్టబడి, గజ్జెల నిండ మట్టి.
ఇంటికాడ ఉన్నదీ నేను పోసిందీ
ఒక్క మనిషి చెమటకు, ఒక్క సీసా నూనెకు
అక్కచెల్లెండ్ల లెక్క నునుపుదేలినయి.
ఏది దేనికి జతనో నాకు నోరు రాలే.
కేస్లి మన్నుదాన్ని నా దిక్కు జరిపి
"నీ సగం కూలి" అన్నది.

కరగబెట్టాలె. ఇంకా కరగబెట్టలే.
ట్రాక్టరుకు వెండి దొరికింది గని
ఆ నాలుగోనాటి మైనం ఇంతవరకు ఏ చేన్లనూ ఎవరికీ తగలలే.
దాన్ని పీట చివర, కొత్త ముద్ద పక్కన పెట్టుకున్న.
పని లేనప్పుడు చీపురుపుల్లతో
ఒక్కొక్క గజ్జెల మన్ను తీస్త.

ఇప్పటికి నాలుగు పలుకుతున్నయి.