మంచు గడిలో సున్నా

మూడు గంటలకొకసారి
గోపాల్‌పూర్ లైట్‌హౌస్ వెనక, రెండో అంతస్తులో
సముద్రాన్ని అంకెలు చేస్తాను.

గాలి ఎటునుంచి, ఎన్ని నాట్లు.
కెరటం ఎత్తెంత,
కెరటానికీ కెరటానికీ నడుమ ఎన్ని సెకన్లు.
చివరి గడి: మంచు.
ఎక్కడో చలిసముద్రాల కోసం గీసిన ఫారం ఇది.
ఆ గడి తీసెయ్యడం మా ఆఫీసులో ఎవరి వల్లా కాలేదు.
ఆరేళ్ళుగా, రోజుకి ఎనిమిదిసార్లు,
బంగాళాఖాతంలో మంచు లేదని సంతకం పెడుతున్నాను.

డెబ్బై కిలోమీటర్ల అవతల
ఇనప కాళ్ళ మీద నిలబడ్డ నూనె బావికి
ఈ కాగితం చూశాకే తెల్లారుతుంది.
రెండు మీటర్లు దాటితే క్రేను ముడుచుకుంటుంది.
గాలి ముదిరితే హెలికాప్టరు రాదు,
ఇంటికెళ్ళాల్సినవాళ్ళు సర్దిన సంచులు పక్కన పెట్టుకుని
మెస్సులో మళ్ళీ అదే పప్పు కలుపుకుంటారు.
రేడియోలో లాల్‌రెమా గొంతు: "దీదీ, ఈ రాత్రి ఎంత?"
మిజో కొండలవాడు, ఇరవై ఏడేళ్ళకి సముద్రం చూశాడు.
"ఒకటీ పాయింట్ నాలుగు. పడుకో."

మా నాన్న బడే కొర్లయ్య అంకె చెప్పేవాడు కాదు.
నోలియా వీధి చివర నిలబడి
తడిచెయ్యి చెవి వెనక రాసుకుని
"నీరు బరువెక్కిపోనాదే" అనేవాడు.
బరువెక్కడానికి నా ఫారంలో గడి లేదు.

మొన్న అమావాస్య ముందు రాత్రి
బోయా పంపే గీత ఉన్నట్టుండి కుదురుకుంది.
గాలి పెరుగుతోంది, కెరటం తగ్గుతోంది.
అలా జరగదు.
యంత్రం పాడై ఉంటుందిలే, అన్నాడు సాహు బాబు,
కుర్చీలోనే అటు తిరిగి పడుకుంటూ.

బోయా గొలుసుకి నాచు పడుతుంది.
నాచుకి చిన్నచేప, చిన్నచేపకి పెద్దచేప,
పెద్దచేపకి మావాళ్ళు.
ఎవరో పడవ కట్టేశారు దానికి.
ఆ బరువుకి బోయా తల వంచింది,
తెర మీద అదే శాంతంలా కనిపిస్తోంది.

"ఎనభై సెంటీమీటర్లేనా? అయితే పైపులు ఇప్పుడే దించేస్తాం దీదీ."

కిటికీ తీశాను.
మంచినీళ్ళ సీసాలో చెయ్యి తడిపి
చెవి వెనక రాసుకున్నాను, ఎవరూ చూడకుండా.
కింద చీకట్లో కెరటం విరిగే చప్పుడు లెక్కపెట్టాను.
పదకొండు. మళ్ళీ పదకొండు. పన్నెండు.
దూరం నుంచి వస్తున్నవి, తొందర లేనివి.

"దించొద్దు. రెండు దాటింది."
"బోయా అలా అనడం లేదే?"
"దాని మాట వినకు."
కాసేపు రేడియోలో గరగర.
తర్వాత ఎవరో అరిచి, ఏదో మోటారు ఆగిన చప్పుడు.

వివరాల గడిలో రాశాను: పరికరం మీద అదనపు భారం.
భారానికి పేరు రాయలేదు.

పొద్దున్నే ఇసుకలో దిగాను.
లారీ దించిన దిమ్మలు గోనెసంచిలో వేసి కొడుతున్నారు.
ఒడియా బడిలో బరఫ అని దిద్దించారు,
మా ఇంట్లో ఎప్పుడూ ఐసుగడ్డే.
తమ్ముడు దాలయ్య కోనాం చేపలు పేర్చుకుంటున్నాడు,
నెలలో ఇంత ఎప్పుడూ పడలేదు.
"తాడు విప్పే వచ్చావా?"
"ఏ తాడు, అప్పా?"
నవ్వకుండా అన్నాడు.
ఒక చేప నా చేతిలో పెట్టి, దాని మీద గుప్పెడు ఐసు పోశాడు.

మెట్లెక్కేదాకా మోచేతి మీంచి కారుతూనే ఉంది.
తొమ్మిది గంటల ఫారం.
గాలి, కెరటం, సెకన్లు.
మంచు.
వేళ్ళు ఇంకా తిమ్మిరిగా ఉన్నాయి,
సున్నా కాస్త వంకరగా పడింది.