పాంటు మడతలో

హెదర్ పూసే ఆగస్టులో అందరూ వస్తారు.
బస్సులు దిగి, ఊదారంగు ముందు నిలబడి
ఫొటోలు తీసుకుని, పాన్‌కేకులు తిని పోతారు.
హిల్లిగ్యె మాత్రం నవంబరులో వస్తుంది,
పూలు తుప్పురంగుకు తిరిగాక,
డ్రెంటె బీడు మీద గాలి తప్ప ఎవరూ లేనప్పుడు.

మోకాళ్ల కింద గోనెపట్టా.
తెల్ల పింగాణీ పళ్లెం పొద అడుగున పెట్టి
కొమ్మను రెండు తట్లు తడుతుంది.
రాలేవి: ఇసుక, ఎండుపూల పొట్టు, ఒక సాలీడు,
మళ్లీ పొట్టు.
ఆ పొట్టులో ఒక నలుసు
నడుస్తుంది.

బియ్యపుగింజలో సగం ఉంటావు.
మూకుడు అడుగున మాడిన గోధుమరంగు,
వీపు మీద అడ్డంగా రెండు తెల్ల గీతలు,
ఒళ్లంతా సూదితో పొడిచినట్టు గుంటలు.
కప్ప మొహం.
రెక్కలున్నాయి, పెట్టె మూతల్లా;
మూత కింద ఎగిరే రెక్క లేదు.

మా భాషలో నీ చుట్టాలకు పచ్చదోమ అని పేరు.
ఆ మాట అనగానే పత్తిచేను, అంచులు ముడుచుకున్న ఆకు,
వీపున పంపు, ముక్కుకి తువ్వాలు.
నిన్నేమనాలి?
ఒకే పొదను నమ్ముకుని
దాని రసం ఇంత తాగి, దాని కాళ్ల దగ్గరే
చలికాలం గడుపుకునేదాన్ని
దోమ అనడానికి నోరు రావడం లేదు.

కిందటేడు మునిసిపాలిటీ వాళ్లు యంత్రంతో
ఎనిమిది మీటర్ల వెడల్పున పైమట్టి చెక్కేశారు,
గడ్డి కమ్మేయకుండా. మంచి పనే.
గొర్రెలు కాసే రూలోఫ్ పది అంగల్లో దాటతాడు.
నీకది సముద్రం.
అవతల నీవాళ్లు నలభైమంది అని
హిల్లిగ్యె పెన్సిలు రాత.
ఇవతల ఏడు.

ఆ సాయంత్రం బఠానీ సూపు పొయ్యి మీద పెట్టి
పాంటు మడత దులుపుకుంటే
వంటింటి పలక మీద రెండు తెల్ల గీతలు.
కదలదు. చచ్చినట్టు నటన.

ఆరు.

పొయ్యి కట్టేసింది.
అగ్గిపెట్టెలో రెమ్మ, రెమ్మ మీద నువ్వు,
కోటు లోపలి జేబులో అగ్గిపెట్టె,
సైకిలు, ఎదురుగాలి, జల్లు, నాలుగు కిలోమీటర్లు.

దీపం చూసి రూలోఫ్ కంచె దగ్గరికి వచ్చాడు.
"ఏం పారేసుకున్నావు, ఈ చీకట్లో?"
"పారేసుకోలేదు. పొరపాటున తీసుకుపోయాను."

టార్చి వెలుగులో పొదలన్నీ ఒకేలా ఉన్నాయి.
గోనెపట్టా నొక్కిన గుర్తు కోసం వెతికింది,
వాన దాన్ని ఎప్పుడో లేపేసింది.
చెక్కిన ఇసుక వైపు ఒకసారి చూసింది.
పది అంగలు వేస్తే నలభైమంది.
వేయలేదు.
ఎవరి చోటు వాళ్లదనుకుందో,
మోకాళ్లు నొప్పో.
వంగి, ఏదో ఒక పొద మొదట్లో నిన్ను వదిలి,
పుస్తకంలో అంకె మార్చే పని లేకుండా
తడిసిన సీటెక్కి ఇంటికి.