చివరి పెట్టె దీపం

బ్యాంకు ఫారంలో ‘వృత్తి’ అన్న గడి కాడ
పెన్ను ఆపినాడు గుమాస్తా.
“స్టేజి మేనేజర్” అంటి.
“స్టేషన్ మేనేజరా!” కుర్చీలోంచి సగం లేచినాడు.
గుంతకల్లు గదా, ఆ మాటకు ఈడ మర్యాద ఎక్కువ.
“కాదన్నా, స్టేజి. నాటకాలది.”
మళ్లా కూచున్నాడు.
“యేషాలేస్తావా?”
“ఎయ్యను.”
“పద్యాలు పాడతావా?”
“పాడను.”
కొంచేపు నా మొగం చూసి
గడిలో ‘గృహిణి’ అని రాసినాడు.
నాకింకా పెండ్లి కాలేదని చెప్పబుద్ధి కాలేదు.

మా నాయన రైల్వేలో పాయింట్స్‌మన్.
ముప్పై యేండ్లు కేబిన్ మెట్లు ఎక్కి దిగినాడు.
నాకు పదేండ్లప్పుడు ఆ కిటికీలో నిలబెట్టి
“ఇంజను జూసి మురిసిపోగాకు దస్తగిరమ్మా,
చివరి పెట్టె ఎనక ఎర్రదీపం ఉంటది, అది జూడు.
అది దాటిందాకా ఇంగో బండికి దారి ఇయ్యగూడదు” అన్నాడు.
బండ్ల సంగతే చెప్పినాడు పాపం.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో నా తొలి ఉద్యోగం
చెప్పుల కాపలా.
ఆ పొద్దు రెండో రంగంలో
రాజు చెయ్యి ఒర మీదికి పోతే, ఒర ఖాళీ.
మూడో వరసలో ఒక పిల్లోడు నవ్వినాడు.
ఆ ఎనక హాలంతా.
రాజు మొగాన అర్దళం కింద
అసలు మనిషి ఎర్రబడింది నేను చూసినా.
ఇంటికొచ్చి, నిద్ర రాక,
నాయన పాత టైంటేబుల్ ఎనక అట్ట మీద రాసుకుంటి:
కత్తి, కుడిపక్క బల్ల.
లేఖ, రాణి చేతికి, దీపం తగ్గకముందే.

పన్నెండేండ్లాయె.
ఇప్పుడు నా బల్ల మీద సుద్దగీతలుంటాయి,
ఒక్కో గడికి ఒక్కో వస్తువు.
కమండలం వేలెడు జరిగినా నాకు తెలుస్తుంది.
హార్మోనియం ఓబులపతి ఎన్ని గ్లాసులు తాగినాడో
మెట్ల మీద అడుగు విని చెప్తా.
రాణి ఏడుస్తుంటే జనం కండ్లు తుడుచుకుంటారు,
పక్కన నిలబడి నేను
ఆమె ఈపున మూడో పిన్నీసు ఊడుతుందేమోనని చూస్తుంటా.

నాటకానికి మూడు నూర్లు, ఒక పొట్లం ఉగ్గాని.
“రంగు పూసుకోవు, పోస్టర్లో పేరుండదు,
ఏం పనే అది?” అంటది మా యమ్మ.
ఏం చెప్పాల?
తొమ్మిదింబావుకు ఎక్స్‌ప్రెస్ పోతుందని
యుద్ధాన్ని తొమ్మిదింబావుకే పెట్టించింది నేనని చెప్పనా?
చప్పుడులో చప్పుడు కలిసిపోతదని.

గూడ్సుకు మాత్రం టైంటేబుల్ ఉండదు.

మొన్న పోటీల రాత్రి.
రాజు ముద్రుంగరం తీసి నేల మీద పెట్టినాడు,
“ఈ రాజ్యం నాది కాదు” అనాల.
ఆ ఒక్క మాట కోసమే నాలుగు నెలలు రిహార్సల్.
అప్పుడు కూసింది, హాలు ఎనక, డౌన్ లైన్లో.
నా టార్చికి రెండు రంగుకాగితాలుంటాయి.
ఎర్రది తిప్పినా.
రాజు చూసినాడు. నోరు తెరవలేదు.
ఓబులపతికి చెయ్యి చూపిస్తే
పెట్టె మీద శ్రుతి ఒక్కటే పట్టుకున్నాడు.
లైట్ల పిల్లోడు డిమ్మరు మీద ఏలు పెట్టి
ఊపిరి బిగబట్టినాడు.
రంగుల గది తలుపు సందులోంచి పెట్టెలు:
పది, ఇరవై,
రాజు మోకాళ్ల మీద,
ముప్పై ఏడు,
జనంలో దగ్గు లేదు,
నలభై, యాభై,
నేల అదురుతుంటే ఉంగరం తనంతట తానే కదిలింది.
యాభై ఎనిమిది.
బ్రేకువాను.
ఎర్రదీపం.

పచ్చకాగితం తిప్పినా.

“ఆ నిశ్శబ్దం! ఆ మహానటుడి నిశ్శబ్దం!”
మైకులో జడ్జిగారి గొంతు జీరపోయింది.
రాజుకు షీల్డు వచ్చె.
దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు, కమండలం గడిలో,
“నా చెప్పులు యాడున్నాయి దస్తగిరమ్మా?” అంటా.

కత్తులు ఎనిమిది, కిరీటాలు మూడు,
గాజుపూసల హారం ఒకటి, కొక్కెం ఇరిగింది.
లెక్కేసి ట్రంకుకు తాళమేసేసరికి పన్నెండున్నర.
బయట సైకిల్ పట్టుకోని నాయన.
టిక్కెట్టు కొని చివరి వరసలో కూచున్నాడంట, చెప్పలేదు.
పైవంతెన ఎక్కేదాకా ఏమీ మాట్లాడలేదు.
“ఎన్ని పెట్టెలు?”
“యాభై ఎనిమిది.”
“బ్రేకువాను కలిపినావా?”
“అది కాక, నాయనా.”
“ఊఁ” అన్నాడు.